ఇద్దరే కూర్చునే బండి

టార్చిలైటు నోట కరుచుకుని వెంకటన్న కారు వెనక భాగంలోకి నడుము దాకా వంగాడు. నీళ్ళ డబ్బా మీద రెండు గీతలున్నాయి. నీళ్ళు ఆ రెంటి మధ్య ఉండాలి. ఉన్నాయి. అయినా ఎక్కడైనా చెమ్మ తగులుతుందేమోనని డబ్బా చుట్టూ వేలితో తడిమాడు. తగల్లేదు. తర్వాత బండి కింద పరిచిన అట్టముక్కను బయటికి లాగి వెలుతురులో పెట్టి చూశాడు. నూనె చుక్కలు మూడు. మొన్న మూడే, నిన్న మూడే. నాలుగోది కనబడిన రోజున మెకానిక్ ఆజం షెడ్డుకు పోవాలి. ఈ రోజు నాలుగు కాదు గదా నలభై కనబడినా పోయే వీల్లేదు. ఎందుకంటే పదకొండు నెలల తర్వాత ఈ రోజే భార్య హన్మమ్మ ఆ బండి ఎక్కుతానంది.

వనపర్తిలో వాళ్ళ గల్లీకి ఆ కారు ఒక వేడుక. వెండి రంగు వెలిసి బూడిద రంగుకు తిరిగిన జపాను బండి. మోకాలెత్తు ఉంటుంది. పైకప్పు గుడ్డది. అది చినిగినచోట బడి సంచులు కుట్టే అతనితో రెండు పొరలు కుట్టించాడు వెంకటన్న. ముందు బానెట్ ఎత్తితే లోపల ఇంజను ఉండదు, స్టెప్నీ టైరు ఉంటుంది. తెచ్చిన రోజున గల్లీ అంతా మూగి ఆ టైరును చూసి, వెంకటన్నను హైదరాబాదువాళ్ళు నిలువునా ముంచారని తీర్మానించారు. ఇంజను సీట్ల వెనకుందని అతను చూపించేలోపే సగం మంది నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. తా వలచింది రంభ అని పెద్దలు ఊరికే అనలేదు. ఇరవై రెండేళ్ళ వయసూ, లక్షా ఎనభై ఏడు వేల కిలోమీటర్ల తిరుగుడూ ఉన్న ఆ రంభను వెంకటన్న రోజూ తెల్లారకముందే లేచి తడి గుడ్డతో తుడుస్తాడు.

అతను బడి బస్సు డ్రైవరు. వయసు యాభై ఏడు. పద్దెనిమిదేళ్ళుగా పెద్దమందడి వైపు ఊళ్ళ నుంచి పిల్లల్ని వనపర్తి బడికి తెచ్చి దింపుతున్నాడు. ఆ బస్సు గంటకు నలభై దాటదు. దాటకుండా ఇంజనుకు ఒక పరికరం బిగించారు. ఎంత తొక్కినా అంతే. అంతకు ముందు లారీ క్లీనరు. అంతకు ముందు, మీసం సరిగా రాని వయసులో, పాలమూరు కూలీల ముఠాతో బొంబాయి వైపు పోయి రోడ్లు వేశాడు. ఉడికే తారును డబ్బాలో పట్టుకుని, కాళ్ళకు గోనెసంచి కట్టుకుని, తెల్లారి నుంచి పొద్దుగూకే దాకా నడిచేవాడు. రోడ్డు పూర్తయ్యాక ముఠా ఇంకో చోటికి పోయేది. నున్నగా మెరిసే ఆ రోడ్డు మీద బండ్లు ఎలా పోతాయో నిలబడి చూసే తీరిక ఎప్పుడూ దొరకలేదు. తాను వేసిన రోడ్డు మీద ఒక్కసారి తనివితీరా పోవాలని అప్పుడు అనిపించింది. ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారని తెలుసు.

పెళ్ళయింది. హన్మమ్మ పుట్టిల్లు నాగర్‌కర్నూల్ పక్కన. పిల్లలు పుట్టలేదు. నాగర్‌కర్నూల్ దవాఖాన, గద్వాల దవాఖాన, చెట్ల మందులు, మొక్కులు అన్నీ అయ్యాయి. నలభై ఐదేళ్ళు దాటాక ఇద్దరూ ఆ మాట ఎత్తడం మానేశారు. పిల్లలు పుడితే ఇల్లు కట్టుకుందామని గద్వాల రోడ్డులో ఎప్పుడో కొన్న చిన్న ప్లాటు ఒకటి అలాగే పడి ఉండేది. నిరుడు అమ్మేద్దామని వెంకటన్న అంటే ఆమె సరేనంది. మనకు ఈ రెండర్రలు చాలు, ఎవరి కోసం కడతాం అని కూడా తనే అంది. ఆ డబ్బుతో మొగుడు ఒక కారు, అదీ ఇలాంటి కారు తెస్తాడని ఆమె కలలో కూడా అనుకోలేదు.

కొనేటప్పుడు వెంట పోయినవాడు ఆజం. పెబ్బేరులో హైవే పక్కన షెడ్డు, ఇల్లు వనపర్తిలోనే. ట్రాక్టరు దగ్గర్నుంచి ఏదైనా విప్పుతాడు. హైదరాబాదు పాత బండ్ల యార్డులో నలభై వేలు, ముప్పై వేలు అని మీటర్లు చూపించే కార్లు తళతళలాడుతుంటే ఆజం వాటి వంక కన్నెత్తి చూడలేదు. "పెబ్బేరు సంతల ఎద్దును కొనేటోడు ముందుగాల ఏం చూస్తడన్నా? పండ్లు. మీటరంటవా, గది బేరగాని నోటి మాట, ఎట్లంటే అట్ల తిప్పుకోవచ్చు. పెడల్ రబ్బర్లు చూడు. అవ్వే పండ్లు" అన్నాడు. మీటరుకూ రబ్బరు అరుగుదలకూ లెక్క కుదిరింది ఈ ఒక్క బండికే. తాళం తిప్పబోయే ముందు ఆజం వంగి సైలెన్సర్ గొట్టం పట్టుకుని చూశాడు. గోరువెచ్చగా ఉంది. "పొద్దుగాల్నే ఎవరో లేపిండ్రు దీన్ని. చల్లారినంక వస్తం" అని వెంకటన్నను తీసుకెళ్ళి నాలుగు గంటలు నీడలో కూర్చోబెట్టాడు. చల్లారాక లేపితే కొంచెం దగ్గింది, తర్వాత సర్దుకుంది. "తిరిగిన బండి మంచిదన్నా. నిలవెట్టిన బండే తుప్పు వడ్తది" అని ఖాయం చేశాడు. ఇంటికి వచ్చాక ఒక మాట మరీ మరీ చెప్పాడు. "దీనికి ఇంజను ఎనుకుంది గని ఊపిరి ముంగట్నే. గీ కింద నోరున్నది చూడు, గాలి గీడికెల్లి పోవాలె. ఆకు అలం అడ్డం రాకుండ చూసుకో. ఊపిరాడకుంటే పది నిమిషాలల్ల ఖతం."

ఆ రోజు సాయంత్రం కారును వాకిట్లో నిలబెట్టి, పక్క సీటు తలుపు తెరిచి వెంకటన్న భార్యను పిలిచాడు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. లోపలికి వంగి చూసింది. వెనక సీటు కోసం వెతికింది.

"ఇద్దరే కూసునేదా?"

"ఆఁ. గిసొంటి బండ్లు గట్లనే ఉంటయి."

"మనకు మూడో మనిషి లేరని ఊరంత తిప్పి చూపెడ్తవా?" అని లోపలికి వెళ్ళిపోయింది.

వెంకటన్న ఆ మాటకు అక్కడే చతికిలబడ్డాడు. దేవుడి తోడు, అతనికి ఆ ఆలోచనే రాలేదు. నలభై ఆరు సీట్ల బస్సు నడిపీ నడిపీ, ఇద్దరు మాత్రమే ఉండే చోటు అతనికి సుఖంగా అనిపించిందంతే. కానీ అన్న మాటను ఎలా వెనక్కి తీసుకుంటారు? ఆమె తీసుకోలేదు, అతను అడగలేదు. పదకొండు నెలలు పక్క సీటు ఖాళీగా తిరిగింది. పెళ్ళిళ్ళకు, పుట్టింటికి, దవాఖానకు ఆమె ఆటోలోనో ఆర్టీసీ బస్సులోనో పోయింది.

పోయిన వారం రేషన్ షాపు వరసలో ఆజం భార్య ఖతీజాబీ కలిసి నోరు జారకపోతే ఇంకెన్నాళ్ళు గడిచేదో. బండి మరీ కిందికి ఉంటుందనీ, హన్మమ్మ మోకాళ్ళతో అందులోంచి లేవలేదనీ, వెంకటన్న ఆ పక్క సీటు విప్పించి కింద చెక్కలు పెట్టి ఎత్తు చేయించాడట. పట్టుకుని లేవడానికి పైన ఒక పట్టీ కూడా. "నువ్వు ఎక్కనే ఎక్కవంటివి, ఆయన సీటు ఎత్తు చేపిస్తనే ఉండు" అని నవ్విందట ఖతీజాబీ. హన్మమ్మ ఆ మాటను రెండు రోజులు మనసులోనే నానబెట్టింది. మూడో రోజు అన్నం వడ్డిస్తూ అంది. "శనారం బీచుపల్లికి పోదాం. అంజన్న దగ్గర పూజ గాని బండి నేనెక్క. కొత్తదో పాతదో, పూజ పూజనే." అక్కడితో ఆగలేదు. "ఒకటి ముందే చెప్తున్న. దారిల ఎక్కడన్న ఆగి నలుగుర్ల నన్ను నిలవెట్టిందనుకో, ఆడ్నే దిగి బస్సెక్కుత. మల్ల జన్మల దీని మొకం చూడ."

అందుకే ఈ వేళ అట్టముక్కను రెండుసార్లు చూశాడు.

ఒంటిపూట బడులు మొదలై పది రోజులైంది. ఆరున్నరకే బస్సు తీయాలి. పెద్దమందడి దారిలో గుంతలన్నీ అతనికి పేరుపేరునా తెలుసు. గేరు రాడ్డు ఎప్పుడూ బిగుతే. ఈ మధ్య దాన్ని రెండో గేరులోకి నెట్టేసరికి ఎడమ జబ్బ గుంజుతోంది. ఈ రోజు గుంజుడు దవడ దాకా వచ్చింది. పాత బస్సు పని మనిషి ఒంటికే చుట్టుకుంటుందని సణుక్కుంటూ, చేయి విదిలించి మళ్ళీ గేరు వేశాడు. వెనక నుంచి ఐదో తరగతి వర్ష ఎప్పటిలాగే అరిచింది. "అంకుల్, మీ కారు ఎంత స్పీడు పోతది?"

"గీ బస్సంత."

"అబద్ధం!"

అబద్ధం కాదు. ఆ కారులో కూర్చున్నా వెంకటన్న కాలు నలభై దగ్గర తనంతట తనే ఆగిపోతుంది. పద్దెనిమిదేళ్ళ అలవాటు. ఆజం ఒకసారి పక్కన కూర్చుని తల పట్టుకున్నాడు, అన్నా దీన్ని పెండ్లి ఊరేగింపుకు కొన్నవా అని.

మధ్యాహ్నం పిల్లల్ని దింపి ఇంటికి వచ్చేసరికి హన్మమ్మ గద్వాల చీర కట్టుకుని వాకిట్లో కూర్చుని ఉంది. ఒడి నిండా బంతిపూలు. పొద్దుట్నుంచీ గుచ్చుతోందట. దండ మనిషి చేయంత లావుంది. ఎనిమిది మూరలు ఉంటుందేమో. వెంకటన్నకు ఆ దండను చూడగానే సంతోషం వేసింది, వెంటనే ఎక్కడో చిన్నగా గుచ్చుకుంది కూడా. అన్నం నాలుగు ముద్దలు తిని చేయి కడిగేశాడు.

"మొకం గట్లుందేంది?"

"ఎండ. పానం జర గాబరైతుంది, గ్యాసు గావచ్చు" అని ఒక ఈనో ప్యాకెట్ నీళ్ళలో వేసుకుని తాగాడు.

రెండు గంటలకు బయల్దేరారు. ఆమె పట్టీ పట్టుకుని, తెలియని వాళ్ళింట్లో కుర్చీలో కూర్చున్నట్టు జాగ్రత్తగా కూర్చుంది. తలుపు వేశాక సీటు కిందికి చేయి పోనిచ్చి తడిమింది.

"ఎన్ని చెక్కలు పెట్టిచ్చినవ్?"

"రెండు."

"ఖతీజాబీ మూడన్నది."

"మూడోది తీపిచ్చిన. తల పైకి తగుల్తది నీకు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. పెబ్బేరు దాకా అటే చూస్తూ కూర్చుంది. కానీ వెంకటన్న ధ్యాస ఆమె మీద లేదు. వెనక ఇంజను చప్పుడులో కొత్తగా ఏదైనా కలిసిందా అని వింటున్నాడు. వేడి చూపించే ముల్లు సరిగ్గా మధ్యలో ఉంది. నిమిషానికి ఒకసారి దాన్ని చూస్తున్నాడు. పెబ్బేరు సంత రోజు కాదు గనుక హైవే ఎక్కడం తేలికైంది. లారీలు, బస్సులు, ఆఖరికి గడ్డి మోపులు వేసుకున్న ఒక ఆటో కూడా వాళ్ళను దాటిపోయాయి. ఆటోను చూసి హన్మమ్మ నోరు తెరిచింది.

"నలభై మీద పోనీకెనా దీని కోసం గింత పరేషాన్ అయినవ్?"

"నువ్వు భయపడ్తవేమోనని."

"నేనా? నా పేరేంది?" అంది.

కృష్ణ మీది వంతెన కనబడింది. ముందు బండ్లేమీ లేవు. వెంకటన్న కుడికాలు నలభై దగ్గర ఎప్పటిలా ఆగింది. ఆగిన కాలిని అతను నొక్కాడు. యాభై, డెబ్బై, తొంభై. సీటు వీపును నెట్టింది. వెనక ఇంజను గొంతు మారి, ముసలి బండి ఏళ్ళ తర్వాత ఒళ్ళు విరుచుకున్నట్టు ఒక్కసారి పైకి లేచింది. గుడ్డ కప్పు టపటపలాడింది. కింద ఎండకు తెల్లబడిన రాళ్ళు, వాటి మధ్య సన్నటి నీళ్ళు గిర్రున వెనక్కి పోయాయి. హన్మమ్మ పట్టీ పట్టుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భయపడిందనుకున్నాడు. నవ్వుతోంది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆమె అలా చప్పుడు చేసి నవ్వగా వెంకటన్న ఎన్నిసార్లు విన్నాడో వేళ్ళ మీద చెప్పగలడు. వంతెన దాటాక కాలు తీశాడు. బతుకులో ఒక పని అయిపోయిందనిపించింది అతనికి.

బీచుపల్లిలో పూజ బాగా జరిగింది. పూజారి కారు చుట్టూ తిరిగి, బానెట్ ఎత్తి టైరును చూసి ఒక క్షణం తికమకపడి, ఆ టైరుకే పసుపు కుంకుమ పెట్టాడు. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు. కొబ్బరికాయ హన్మమ్మే కొట్టింది. చివరికి దండ తీసింది. ఈ బండికి దండ వేలాడదీయడానికి పైన ఏమీ లేదు, నున్నగా జారిపోతుంది. ఆమె మోకాళ్ళ నొప్పి మరిచి నేల మీద కూర్చుని, కింద నోటికి ఉన్న జాలీ ఈ చివర నుంచి ఆ చివర దాకా దండను రెండు వరసలుగా తిప్పి దారంతో కట్టింది. పూజారి ఇచ్చిన ఎర్ర గుడ్డను మధ్యలో ముడి వేసింది.

వెంకటన్న పక్కనే నిలబడి చూస్తున్నాడు. ఊపిరి ముంగట్నే అన్న ఆజం మాట చెవిలో గింగురుమంటోంది.

"జర వదులుగ కట్టు" అన్నాడు.

"వదులుగ కడ్తే గాలికి పోదా? ఇంటి ముంగటికి దండతోటే పోవాలె. అందరు చూడాలె" అంది ఆమె. నుదుటి మీద చెమట, ముక్కు మీద కుంకుమ. పదకొండు నెలలు ఈ బండి పేరెత్తితే ముఖం తిప్పుకున్న మనిషి, దాన్ని పెళ్ళికూతురిలా తయారుచేస్తోంది. తీసెయ్ అని ఏ నోటితో అంటాడు? వనపర్తి ఎంత, ముప్పై చిల్లర కిలోమీటర్లు. పూలే గదా, నెమ్మదిగా పోదామనుకున్నాడు.

ఆ పని కోరి కొరివితో తల గోక్కోవడమని వంతెన దాటిన ఐదు నిమిషాల్లో తెలిసింది. ముల్లు కదిలింది. మధ్య గీత నుంచి వెంట్రుకవాసి పైకి. కళ్ళు మూసి తెరిచాడు. అక్కడే ఉంది. ఎదురుగాలికి పూలు జాలీలోకి ఇంకా లోపలికి పీక్కుపోతున్నాయని అతనికి అర్థమవుతూనే ఉంది. వేగం తగ్గించాడు, ముల్లు ఆగలేదు. పక్కకు తీసి ఆపాలి. ఆపితే ఆమె దిగుతుంది. బస్సెక్కుతుంది. ఆమె మాటంటే మాటే. పదకొండు నెలలకు దొరికిన నవ్వు ఒక పూట కూడా నిలవకుండా పోతుంది. ఆపకపోతే ఇంజను పోతుంది. మింగలేక కక్కలేక వెంకటన్న స్టీరింగును రెండు చేతులా పట్టుకున్నాడు.

ఆజం నేర్పిన ఉపాయం ఒకటుంది. ఇంజను కాగిపోతుంటే హీటరు తిప్పాలి. ఆ వేడి బండి లోపలికి వచ్చేస్తుంది, ఇంజను కొంచెం తెరిపిన పడుతుంది. వెంకటన్న మీట చివరిదాకా తిప్పాడు. మార్చి ఎండలో, నాలుగు గంటల వేళ, నిప్పుల పొయ్యి మూత తీసినట్టు వేడిగాలి ఇద్దరి ముఖాల మీద కొట్టింది.

"ఏందయ్యా గిది? ఎండకాలంల ఎచ్చగాలి వెడ్తున్నవ్?"

"బటను పట్టేసింది. అద్దం దించు."

ఆమె దించింది. బయట గాలి కూడా సెగే. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని విసురుకుంటోంది. వెంకటన్న ఒంటి నుంచి చెమట ధారగా కారుతోంది. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఎడమ జబ్బ గుంజుడు మళ్ళీ మొదలైంది. ఈసారి గేరు వేయకుండానే. గుండె మీద ఎవరో మూట పెట్టినట్టుంది. హీటరు సెగకు అలా ఉంటుందిలే అనుకున్నాడు. బండిలో ఏ మూల ఏ మర కిర్రుమన్నా నిద్రలోంచి లేచే మనిషి, తన ఒంట్లో అంత గోల అవుతుంటే వినిపించుకోలేదు. అతని ప్రాణమంతా ఆ ముల్లులోనే ఉంది. ముప్పావు దాటింది. ఇంకొక్క వేలెడు పైకి పోతే ఎర్ర గీత.

హన్మమ్మ అతని వంక చూసింది. అతను చూస్తున్న చోటు చూసింది. చదువు లేదు గానీ, పొయ్యి మీద ఏది పొంగబోతుందో తెలియని మనిషి కాదు.

"ఆ ముల్లేంది గట్ల లేస్తుంది?"

అతను చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు.

"నిన్నే. వచ్చేటప్పుడు నడుమల ఉండె. నేను చూసిన."

"ఏం లేదు. పెబ్బేరు కాడ ఆజం భాయికి చూపిద్దాం."

"బండికి ఊపిరాడ్తలేదా?" ఆమె గొంతు తగ్గింది. "నా దండకేనా?"

వెంకటన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల ఊపాడు.

"మరి చెప్పవేంది? ఆపు. ముందు ఆపు!"

రోడ్డు వారగా ఒక వేపచెట్టు నీడలో ఆపాడు. ఆమె పట్టీ పట్టుకుని తనే లేచింది, తనే దిగింది. బండి ముందు నేల మీద కూర్చుని దారాలు పళ్ళతో కొరికి దండను లాగింది. లాగిన కొద్దీ వస్తూనే ఉంది. సగం ఉడికిన రేకులు ముద్దలు ముద్దలుగా. జాలీ సందుల్లో వేళ్ళు పెట్టి చివరి రేకు దాకా ఏరింది, వేళ్ళు కాలుతున్నా. ఎర్ర గుడ్డ కూడా విప్పేసి కళ్ళకద్దుకుంది. లారీల వాళ్ళు హారన్లు కొట్టుకుంటూ పోతున్నారు. నలుగురిలో నిలబెట్టడం అంటే ఇదే. ఆమెకు అది గుర్తున్నట్టు లేదు.

వెంకటన్న ఇంజను ఆపి, తాళం మాత్రం సగం తిప్పి ఉంచాడు. ముందు ఫ్యాను తిరుగుతోంది. హన్మమ్మ వచ్చి మళ్ళీ తన సీట్లో కూర్చుంది. అతను ఆమె వంక బెదురుగా చూశాడు.

"పూజ దండ తీపిచ్చిన" అన్నాడు.

"అంజన్న ఎవరి కొడుకు? గాలి దేవుని కొడుకు. గాలికి అడ్డం పెడ్తే ఆయనకే కోపమొస్తది. తప్పు నాది." కొంగుతో అతని ముఖం తుడిచింది. "ఎంత చెమటయ్యా! ఆ ఎచ్చగాలికి సచ్చిపోతుంటివి గద. నాతోని ఒక్క మాటంటే ఏం బోయె?"

"ఆగితే దిగి పోతనంటివి."

ఆమె చేతిలో కొంగు అలాగే ఆగింది. "నాకు గంత భయపడ్డవా?" అంది. తనను తాను తిట్టుకుంటున్నట్టుంది. "నేనేడికి పోత? నాకు చెక్కలు పెట్టి సీటు చేపిచ్చినోన్ని ఇడిచిపెట్టి."

రోడ్డుకు అవతల చిన్న కొట్టు కనబడుతోంది. ఆమె దిగి, బండ్లు చూసుకుని దాటి, రెండు మజ్జిగ ప్యాకెట్లు తెచ్చింది. చల్లగా ఉన్నాయి. తనది మూల కొరికి తాగింది. అతను తనది చేతిలో పట్టుకుని మెడకు ఆనించుకున్నాడు. కడుపులో తిప్పుతోందనీ, కాసేపాగి తాగుతాననీ తలుపు జేబులో పెట్టాడు. సీటు వెనక్కి వాల్చుకున్నాడు.

"జర కన్ను మూస్త. ఆ ముల్లు చూస్తుండు. సగానికి దిగినంకనే లేపాలె. తొందరపడి లేపితే మొదటికే మోసం. ఇంజను చల్లారనియ్యాలె."

"నువ్వు పండుకో. నేను చూస్త."

"వంతెన మీద మంచిగుండెనా?" కళ్ళు మూసుకునే అడిగాడు.

"మంచిగుండె. నాగర్‌కర్నూల్‌కు కూడ దీంట్లనే పోదాం. మా వదినెను చూడనియ్."

అతను నవ్వినట్టు పెదవి కదిలింది.

హన్మమ్మ ముల్లును చూస్తూ కూర్చుంది. ఇంత పెద్ద పని ఇంతకు ముందు ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. కన్ను తిప్పితే ముల్లు ఎక్కడికైనా పోతుందేమోనన్నట్టు చూస్తోంది. మధ్య మధ్య చూపు తిప్పకుండానే కొంగుతో అతనికి విసురుతోంది. ఒకసారి అతను గట్టిగా గాలి పీల్చి వదిలాడు. అలసిపోయాడు పాపం, పొద్దున నాలుగింటికే లేచాడు అనుకుంది. ఫ్యాను హోరులో ఇంకేమీ వినబడలేదు. ముల్లు నెమ్మదిగా దిగుతోంది. మధ్యలో కదిపి లేపాలని ఒకటి రెండుసార్లు అనిపించింది. సగానికి రాందే లేపొద్దన్నాడు గదా అని చేయి వెనక్కి తీసుకుంది. చెప్పిన పని చెప్పినట్టు చేయాలి. వేపచెట్టు నీడ బండి మీద నుంచి జరిగి రోడ్డు దిగువకు పోయింది.

ముల్లు సరిగ్గా మధ్య గీత మీదికి వచ్చింది. ఫ్యాను దానంతట అదే ఆగింది.

"దిగిందయ్యా. లెవ్వు" అంది హన్మమ్మ, గెలిచినట్టు.

అతను లేవలేదు. భుజం పట్టి కదిపింది. చేయి జారి ఒళ్ళోంచి పక్కకు పడింది. చెమట ఆరిపోయి ఒళ్ళు చల్లగా ఉంది.

అవతలి కొట్టతను ఫోను చేస్తే అంబులెన్సు వాళ్ళు వచ్చి చూసి, ప్రాణం పోయి అరగంట దాటిందన్నారు. హన్మమ్మ ఏడవడానికి ముందు వాళ్ళకు ఒక లెక్క చెప్పడానికి ప్రయత్నించింది. ముల్లు సగానికి వచ్చేదాకా లేపొద్దన్నాడనీ, వచ్చిన వెంటనే లేపాననీ. ఆ ముల్లేమిటో వాళ్ళకు అర్థం కాలేదు. ఆమెను కూడా ఎక్కించుకుని వనపర్తి వైపు వెళ్ళిపోయారు.

కబురందిన ఆజం పొద్దుగూకే వేళకు ట్రాలీ బండితో వచ్చాడు. తాళం సగం తిప్పే ఉంది. బ్యాటరీ దిగిపోయి, మీటర్లలో వెలుగు లేదు. ముందుకు వచ్చి వంగి జాలీలో వేలు పెట్టి చూశాడు. ఒక్క రేకు లేదు. నీళ్ళ డబ్బా చూశాడు. నీళ్ళు రెండు గీతల మధ్యే ఉన్నాయి. ఇంజను చేయి పెట్టేంత చల్లగా ఉంది. బ్యాటరీ తీగలు కలిపి తిప్పితే ఒక్క దగ్గు దగ్గి లేచింది, ఏ లోపమూ లేదు. "బండి మంచిగనే ఉందన్నా" అన్నాడు పైకే, అలవాటు కొద్దీ. అని, ఇంజను ఆపేసి చాలాసేపు బయటే నిలబడ్డాడు.

తర్వాత స్టీరింగు తిప్పడానికి డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు లాక్కోబోతే చేతికి ఏదో తగిలింది. తలుపు జేబులో మజ్జిగ ప్యాకెట్. ఎండకు ఉబ్బి గట్టిపడి ఉంది, మూల కొరకలేదు.